ఎయిర్ కార్గోలో జీఎస్‌ఎస్‌ఏ పని: ఒప్పందం నుంచి క్లెయిమ్ దాకా

నా విజిటింగ్ కార్డు మీద ఎయిర్‌లైన్ లోగో ఉంటుంది. జీతం వేసేది మాత్రం వేరే కంపెనీ. "ఇంతకీ నువ్వు ఎయిర్‌లైన్ మనిషివా, కాదా?" అని మా అత్తయ్య ప్రతి సంక్రాంతికీ అడుగుతుంది. ప్రతిసారీ కొత్తగా చెప్పుకోవాల్సిందే.

జీఎస్‌ఎస్‌ఏ అంటే జనరల్ సేల్స్ అండ్ సర్వీస్ ఏజెంట్. ఒక విదేశీ ఎయిర్‌లైన్‌కు హైదరాబాద్‌లో రోజుకో విమానం ఉంటుంది. దాని పొట్టలో కార్గోకు చోటుంది. ఆ చోటు అమ్మడానికి ఇక్కడ సొంత ఆఫీసు పెట్టి, పదిమందిని తీసుకుని, కస్టమ్స్‌తో, టెర్మినల్‌తో వేగడం కంటే ఇక్కడి మార్కెట్ తెలిసిన కంపెనీకి కమీషన్ మీద అప్పగించడం వాళ్లకు చౌక. కొన్ని ఎయిర్‌లైన్లకు హైదరాబాద్‌కు విమానమే ఉండదు. వాటి సరుకును ఇక్కడ తీసుకుని, బాండెడ్ ట్రక్కులో, అంటే కస్టమ్స్ సీలు వేసిన ట్రక్కులో, చెన్నైకో ముంబైకో పంపి అక్కడ విమానం ఎక్కిస్తాం. దీన్ని ఆఫ్‌లైన్ అమ్మకం అంటారు.

ముందు ఒక తికమక తీర్చేస్తాను. ఎగుమతిదారు మామూలుగా మా దగ్గరికి రాడు. అతను ఫ్రైట్ ఫార్వర్డర్ దగ్గరికి వెళ్తాడు, ఫార్వర్డర్ మా దగ్గరికి వస్తాడు. ఫార్వర్డర్ ఎగుమతిదారు తరఫు మనిషి, మేం ఎయిర్‌లైన్ తరఫు మనుషులం. ఒకే యజమాని చేతిలో రెండు కంపెనీలూ ఉంటే మార్కెట్లో మిగతా ఫార్వర్డర్లు నమ్మరు. తమ రేట్లు, తమ కస్టమర్ల పేర్లు అవతలి గదిలోకి వెళ్తాయని వాళ్ల భయం. ఆ భయం తప్పని నేను అనను. సొంతంగా జీఎస్‌ఎస్‌ఏ పెట్టాలనుకునేవాళ్లు ఈ విషయం మొదటే తేల్చుకోవాలి.

ఇక పని ఏ వరసలో జరుగుతుందో చూద్దాం.

మెట్టు 1: ఒప్పందం చదవడం

కమీషన్ శాతం ఒక్కటే చూసి సంతకం పెట్టేవాళ్లు చాలామంది. అసలు చూడాల్సింది ఆ శాతం దేని మీద అన్నది. ఉత్త ఫ్రైట్ మీదా? ఫ్యూయల్ సర్‌చార్జి, సెక్యూరిటీ సర్‌చార్జి కూడా కలిపా? ఆల్-ఇన్ రేటు అని ఒకే అంకె అమ్మే రోజుల్లో, బిల్లులో ఎక్కువ భాగం సర్‌చార్జి కిందికి వెళ్లిపోతే, మీ శాతం చిన్న ముక్క మీదే లెక్కపడుతుంది.

తర్వాత నాలుగు ప్రశ్నలు. మీ ప్రాంతం ఎక్కడిదాకా, తెలంగాణ వరకా, ఆంధ్రప్రదేశ్ కూడానా? ఆ ప్రాంతంలో మీరొక్కరేనా? ఫార్వర్డర్ డబ్బు ఎగ్గొడితే నష్టం ఎవరిది? ఒప్పందం రద్దు చేయాలంటే ఎన్ని రోజుల నోటీసు? మూడో ప్రశ్నకు "నష్టం ఏజెంటుదే" అని రాసి ఉంటే, మీరు అమ్మకాలతో పాటు అప్పుల వ్యాపారం కూడా మొదలుపెడుతున్నారన్నమాట. ఎయిర్‌లైన్ మీ దగ్గర బ్యాంక్ గ్యారంటీ అడుగుతుంది. మీరూ ఫార్వర్డర్ దగ్గర ఏదో ఒక భద్రత లేకుండా అప్పు ఇవ్వకండి.

కమీషన్ కాకుండా ఇంకో పద్ధతీ ఉంది. ఎయిర్‌లైన్ దగ్గర చోటు మొత్తంగా కొనేసి, లాభమో నష్టమో మీరే భరించడం. కొత్తవాళ్లు దీని జోలికి వెళ్లొద్దని నా అభిప్రాయం. సీజన్లో డబ్బు బాగానే వస్తుంది. సీజన్ అయ్యాక ఖాళీ చోటుకు కూడా కట్టాలి.

మెట్టు 2: విమానాన్ని తెలుసుకోవడం

మార్కెట్ కంటే ముందు విమానం. ఏ రకం, ఏ రోజుల్లో, ఎన్నింటికి, ఎక్కడ ఆగి ఎక్కడికి వెళ్తుంది? చిన్న విమానమైతే సరుకును విడి పెట్టెలుగానే ఎక్కించాల్సి రావచ్చు. వైడ్-బాడీ, అంటే వెడల్పాటి పెద్ద విమానం అయితే, కింది డెక్కులో పాలెట్లు (సరుకు పేర్చి కట్టే లోహపు పలకలు), కంటైనర్లు వెళ్తాయి. అక్కడ పాలెట్ మీద సరుకు ఎత్తు సుమారు 160 సెంటీమీటర్లు దాటకూడదు. 160 అన్న అంకెను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

మెట్టు 3: రేటు చెప్పడం

ఇక్కడ పట్టు దొరికితే మిగతాది అలవాటవుతుంది.

కార్గోలో డబ్బు వసూలు చేసేది చార్జబుల్ వెయిట్ మీద. అసలు బరువు, పరిమాణం బరువు రెండిట్లో ఏది ఎక్కువైతే అది. పరిమాణం బరువు కట్టడానికి పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తే కిలోలు వస్తాయి. ఉదాహరణకు 12 పెట్టెలు, ఒక్కోటి 60 × 50 × 50. ఒక పెట్టెకు 1,50,000 ఘన సెంటీమీటర్లు, 6000తో భాగిస్తే 25 కిలోలు. పన్నెండింటికి 300 కిలోలు. తూకంలో ఒక్కో పెట్టె 18 కిలోలే, మొత్తం 216. కానీ బిల్లు 300కే.

తర్వాత స్లాబులు: 45 కిలోల లోపు ఒక రేటు, 45 పైన, 100 పైన, 300 పైన, 500 పైన, 1000 పైన వేరే రేట్లు. పైకి వెళ్లేకొద్దీ కిలో రేటు తగ్గుతుంది. దీని వల్ల ఒక చిత్రం జరుగుతుంది. లెక్క కోసం 45 పైన కిలో 180 రూపాయలు, 100 పైన 150 అనుకుందాం. సరుకు 88 కిలోలు. 88ని 180తో గుణిస్తే 15,840. అదే సరుకును 100 కిలోలుగా చూపి 150తో గుణిస్తే 15,000. లేని 12 కిలోలకు డబ్బు కట్టినా ఫార్వర్డర్‌కు 840 మిగులుతుంది. ఇది దొంగ లెక్క కాదు, టారిఫ్ నియమమే ఒప్పుకుంటుంది. ఇది తెలియని సేల్స్ కుర్రాడు ఫోన్లో 15,840 చెబితే, అవతలి ఫార్వర్డర్ నవ్వుకుని ఇంకో ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేస్తాడు.

ఫార్వర్డర్ లాభం ఎక్కడ పుడుతుందో కూడా మీకు తెలియాలి. అతని దగ్గర 600 కిలోల మెషినరీ ఉంది, పరిమాణం 1.2 ఘన మీటర్లే. ఇంకొకరి రెడీమేడ్ బట్టలు 200 కిలోలు, పరిమాణం 3.6 ఘన మీటర్లు, అంటే 600 కిలోల కింద లెక్క. విడివిడిగా బుక్ చేస్తే మొత్తం 1200 కిలోలకు కట్టాలి. రెండూ కలిపి ఒకే మాస్టర్ బిల్లు (ఫార్వర్డర్ పేరు మీద ఎయిర్‌లైన్ ఇచ్చే రవాణా బిల్లు) మీద వేస్తే అసలు బరువు 800, పరిమాణం 4.8 ఘన మీటర్లు, అదీ 800 కిలోలే. ఎగుమతిదారులు ఇద్దరి దగ్గరా 1200కు వసూలు చేసి, మాకు 800కు కడతాడు. దీన్ని కన్సాలిడేషన్ అంటారు. అతను "రేటు తగ్గించన్నా, మార్జిన్ లేదు" అని బతిమాలినప్పుడు ఈ లెక్క మనసులో పెట్టుకుని మాట్లాడండి.

మనం కూడా అదే పని విమానం మొత్తానికి చేయాలి. ఒక రోజు పొట్టలో 10 టన్నులు, 60 ఘన మీటర్లు ఉన్నాయనుకోండి. అన్నీ ఇనుప సామాన్లు తీసుకుంటే బరువు అయిపోతుంది, చోటు ఖాళీగా మిగులుతుంది. అన్నీ బట్టలు తీసుకుంటే చోటు నిండుతుంది, బరువు మిగిలిపోతుంది. కిలో రేటు ఎంత బాగున్నా, ఒకే రకం సరుకుతో నింపినవాడు ఆ విమానం నుంచి రావాల్సినంత రాబట్టలేడు. ఆ ఖాళీ రేపటికి పనికిరాదు. సాయంత్రం రైతుబజారులో కొత్తిమీర లాంటిది, తలుపు మూసేలోపే దాని ధర.

మెట్టు 4: బుకింగ్

రెగ్యులర్‌గా సరుకు ఉండే పెద్ద ఫార్వర్డర్లకు వారానికి ఇంత అని బ్లాక్ స్పేస్ ఇస్తాం. హార్డ్ బ్లాక్ అయితే సరుకు తెచ్చినా తేకపోయినా డబ్బు కట్టాలి. సాఫ్ట్ బ్లాక్ అయితే ఫలానా సమయంలోపు వదులుకోవచ్చు. మిగిలిన చోటు స్పాట్ రేటుకు, అంటే అప్పటికప్పుడు కుదిరిన ధరకు పోతుంది. ఇప్పుడు ఆన్‌లైన్ బుకింగ్ ప్లాట్‌ఫాంలు వచ్చి చిన్న షిప్‌మెంట్లకు ఫోన్ కాల్స్ తగ్గాయి. ఫార్మా, ప్రమాదకర సరుకు, భారీ యంత్రాలు మాత్రం ఇంకా మనుషుల మీదే నడుస్తున్నాయి.

శుక్రవారం ఐదు టన్నులు బుక్ చేసి, బుధవారం దాకా ఉలుకూ పలుకూ లేని ఫార్వర్డర్ ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. ఎవరు చెప్పినంత తెస్తారు, ఎవరు సగం తెస్తారు అని పేరుపేరునా ఒక పుస్తకంలో రాసుకోండి. ఓవర్ బుకింగ్ ఎంత చేయాలో ఆ పుస్తకమే చెబుతుంది.

మెట్టు 5: ఎయిర్‌వే బిల్లు

ఎయిర్‌వే బిల్లు, అంటే ఏడబ్ల్యూబీ, సరుకు రవాణాకు ఎయిర్‌లైన్‌తో ఉండే ఒప్పంద పత్రం. దాని నంబరు 11 అంకెలు. మొదటి మూడు ఎయిర్‌లైన్‌వి: ఎమిరేట్స్‌కు 176, ఖతార్ ఎయిర్‌వేస్‌కు 157, లుఫ్తాన్సాకు 020, ఎయిర్ ఇండియాకు 098. తర్వాత ఏడు అంకెల సీరియల్. చివరిది చెక్ డిజిట్, అంటే సీరియల్‌ను 7తో భాగిస్తే మిగిలే శేషం. 1234567ను 7తో భాగిస్తే 5 మిగులుతుంది కాబట్టి నంబరు 12345675 అవుతుంది. ఫోన్లో తప్పుగా విన్న నంబరును ఈ లెక్క ఒక్క నిమిషంలో పట్టేస్తుంది.

2019 జనవరి 1 నుంచి ఈ-ఏడబ్ల్యూబీనే ప్రామాణిక ఒప్పంద పత్రం అయింది. కాగితం పోయినా స్టాక్ లెక్క పోలేదు. ఏ నంబర్లు ఏ ఫార్వర్డర్‌కు ఇచ్చాం, ఏవి వాడారు, ఏవి రద్దయ్యాయి అన్నది నెలాఖరుకు సరిపోవాలి.

మెట్టు 6: అంగీకారం – "సర్వీస్" అనే మాట ఇక్కడుంది

పేరులో సేల్స్ ముందుంది కాబట్టి అదే పెద్ద పని అనుకుంటారు. రాత్రి పదకొండు గంటలకు టెర్మినల్‌లో నిలబడితే సంగతి అర్థమవుతుంది. సరుకును దించి, తూచి, స్క్రీన్ చేసి, పాలెట్ కట్టేది టెర్మినల్ ఆపరేటర్, గ్రౌండ్ హ్యాండ్లర్. మనం ఎయిర్‌లైన్ కళ్లు. బుకింగ్‌కు, వచ్చిన సరుకుకు తేడా ఉందా, ప్యాకింగ్ తట్టుకుంటుందా, లేబుళ్లు ఉన్నాయా, కస్టమ్స్ లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్, అంటే ఎగుమతి అనుమతి, వచ్చిందా? అన్నీ కటాఫ్‌లోపు, అంటే సరుకు తీసుకునే చివరి గడువులోపు తేలాలి.

నాకు మొదటి ఏడాదిలో తగిలిన దెబ్బ చెప్తాను. ఒక మెషిన్ భాగం, ఫార్వర్డర్ మెయిల్‌లో ఎత్తు 158 అని రాశాడు. కింది డెక్కుకు సరిపోతుందని బుక్ చేశాను. రాత్రి టెర్మినల్‌లో టేపు పెడితే 171. పెట్టె 158 నిజమే. కింద బిగించిన చెక్క స్కిడ్ 13 సెంటీమీటర్లు ఎవరూ లెక్కలో వేయలేదు. స్కిడ్ తీస్తే ఫోర్క్‌లిఫ్ట్‌కు అందదు, ఉంచితే విమానంలో పట్టదు. అప్పటికప్పుడు పల్చటి స్కిడ్ చేయించడానికి వడ్రంగిని ఎక్కడ వెతకాలి? విమానం వెళ్లిపోయింది. ఆ చోటు ఖాళీగానే ఎగిరింది. తెల్లారి మా ఆఫీసులో నాకు పడ్డ అక్షింతలు ఇక్కడ రాయను. అప్పటి నుంచి నేను "ఎత్తు ఎంత?" అని అడగను, "నేల మీద నుంచి ఎత్తు ఎంత?" అని అడుగుతాను. టేపు పెట్టి తీసిన ఫొటో వాట్సాప్‌లో వచ్చేదాకా కన్ఫర్మ్ చేయను.

ప్రమాదకర సరుకు విషయంలో ఎవరి మాటా నమ్మొద్దు. "ఎలక్ట్రానిక్ యాక్సెసరీస్" అని రాసిన పెట్టెలో పవర్ బ్యాంకులు ఉంటాయి. విడిగా వెళ్లే లిథియం అయాన్ బ్యాటరీలు, అంటే ప్రమాదకర సరుకుల జాబితాలో యూఎన్ 3480 నంబరువి, ప్రయాణికుల విమానాల్లో కార్గోగా 2016 ఏప్రిల్ 1 నుంచి నిషేధం. పవర్ బ్యాంకు దాని కిందికే వస్తుంది. సరుకు వివరణ అంత అస్పష్టంగా ఉంటే ఇన్‌వాయిస్ అడగండి, అనుమానం తీరకపోతే పెట్టె తెరిపించండి. ఫార్వర్డర్ అలుగుతాడు, అలగనివ్వండి.

తడి సరుకుదీ ఇదే కథ. చేపలు, రొయ్యల పెట్టె కారితే ఉప్పునీరు విమానం లోహాన్ని తింటుంది. అందుకే లీక్ కాని ప్యాకింగ్ కావాలి. అమెరికా పిల్లలకు పంపే సామాన్లలో ఆవకాయ డబ్బా పగిలి, ఆ నూనె పక్కవాళ్ల బట్టల పెట్టెకు పట్టిన సంఘటన మా ఆఫీసులో ఇప్పటికీ చెప్పుకుంటారు.

హైదరాబాద్‌లో ఉంటే ఫార్మా నేర్చుకోక తప్పదు

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. చుట్టూ మందుల ఫ్యాక్టరీలు, అటు శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో వ్యాక్సిన్లు. కార్గో టెర్మినల్‌లో ఫార్మాకే ప్రత్యేక జోన్ ఉంది. ఇక్కడ ముఖ్యంగా రెండు ఉష్ణోగ్రతలతో పని: 2 నుంచి 8 డిగ్రీలు, 15 నుంచి 25 డిగ్రీలు. మొదటిదానికి కోల్ అని, రెండోదానికి సీఆర్‌టీ అని హ్యాండ్లింగ్ కోడ్ వేస్తారు. బుకింగ్‌లో "కూల్ కార్గో" అని మొక్కుబడిగా రాస్తే, 15–25లో ఉండాల్సిన మందు 2–8 గదిలోకి వెళ్లి గడ్డకట్టకపోయినా పాడవ్వొచ్చు. డిగ్రీలు అంకెల్లో రాయించండి.

ఫార్వర్డర్ బుకింగ్ ఇచ్చినప్పుడు నేను అడిగే వరస ఇది. ప్యాకింగ్ పాసివా, అంటే థర్మల్ పెట్టెలూ దుప్పట్లా, లేక కరెంటుతో, బ్యాటరీతో నడిచే యాక్టివ్ కంటైనరా? పాసివ్ అయితే ఎన్ని గంటలు తట్టుకుంటుంది? మధ్యలో దిగే హబ్‌లో కోల్డ్ రూమ్ ఉందా, అక్కడ ఎన్ని గంటలు ఆగుతుంది? అవతల దిగేది ఏ వారం, సెలవు రోజా? ఈ చివరి ప్రశ్న అందరూ మర్చిపోతారు. శుక్రవారం సాయంత్రం దిగిన సరుకు సోమవారం దాకా ఎవరూ తీసుకోకపోతే, మనం ఇక్కడ పడ్డ కష్టమంతా అక్కడ పోతుంది. యాక్టివ్ కంటైనర్ అయితే లీజుకు ముందే బుక్ చేయాలి, ఎక్కించే ముందు బ్యాటరీ చార్జి, సెట్ చేసిన ఉష్ణోగ్రత రెండూ ఫొటో తీయించాలి.

అన్నిటికంటే ప్రమాదమైన చోటు టెర్మినల్ తలుపుకు, విమానం తలుపుకు మధ్య ఉన్న కాంక్రీటు. మే నెల మధ్యాహ్నం ఆ నేల మీద అరగంట ఆగిన పాలెట్ లోపల ఏమవుతుందో ఉష్ణోగ్రత నమోదు చేసే డేటా లాగర్ నిజం చెబుతుంది, మనుషులు చెప్పరు. మందుల పాలెట్‌ను చివర్లో బయటికి తెచ్చి వెంటనే ఎక్కించమని ర్యాంప్ వాళ్లకు, అంటే విమానం దగ్గర పనిచేసేవాళ్లకు, ముందే చెప్పి రాయించుకోండి.

మామిడి సీజన్ ఇంకో పరీక్ష. ఏప్రిల్ నుంచి జూన్ దాకా బంగినపల్లికి అందరికీ ఒకేసారి చోటు కావాలి. అమెరికా వెళ్లే పండుకు ఇర్రేడియేషన్, అంటే పురుగులు పోవడానికి రేడియేషన్ పట్టించడం, తప్పనిసరి కాబట్టి ఆ సదుపాయాన్ని బట్టి రూటు మారిపోతుంది. "హైదరాబాద్ నుంచే పంపుతా" అని పట్టుబట్టే కొత్త ఎగుమతిదారుకు ఫార్వర్డర్ ఈ విషయం చెప్పాడో లేదో కనుక్కోండి.

మెట్టు 7: విమానం లేచాక

నిద్రపోవచ్చు అనుకుంటారు. ముందు ప్రీ-అలర్ట్ పంపాలి: ఏ ఫ్లైట్, ఎన్ని పెట్టెలు, ఎంత బరువు, ఏదైనా ఆఫ్‌లోడ్ అయిందా, అంటే ఎక్కకుండా ఆగిపోయిందా. ఆఫ్‌లోడ్ అయితే ఫార్వర్డర్ ట్రాకింగ్‌లో చూసి మనకు ఫోన్ చేసేలోపు మనమే చెప్పాలి. చెడు వార్త మన నోటి నుంచి వస్తే కోపం సగం తగ్గుతుంది.

ఎక్స్‌పోర్ట్ జనరల్ మానిఫెస్ట్, అంటే ఈజీఎం, ఎయిర్‌లైన్ తరఫున కస్టమ్స్‌కు వెళ్లాలి. అందులో షిప్పింగ్ బిల్లు నంబరో పెట్టెల సంఖ్యో తప్పుపడితే ఎగుమతిదారు ఐజీఎస్‌టీ రీఫండ్, డ్రాబ్యాక్ (కట్టిన సుంకం వాపసు) ఆగిపోతాయి. మూడు నెలల తర్వాత ఎవరో అకౌంటెంట్ గొంతు చించుకుంటూ ఫోన్ చేస్తాడు. పార్ట్ షిప్‌మెంట్లలో, అంటే 20 పెట్టెల్లో 14 ఈ రోజు, 6 రేపు వెళ్లినప్పుడు ఈ తప్పు ఎక్కువగా దొర్లుతుంది. ఆ రోజే సరిచూసుకోండి.

మెట్టు 8: డబ్బు

ఐఏటీఏ (అంతర్జాతీయ ఎయిర్‌లైన్ల సంఘం) గుర్తింపు ఉన్న ఏజెంట్లతో లెక్కలు క్యాస్ ద్వారా నడుస్తాయి. ఇది ఎయిర్‌లైన్లకు, ఫార్వర్డర్లకు మధ్య ఉమ్మడి బిల్లింగ్ వ్యవస్థ. మన దేశంలో పదిహేను రోజులకోసారి బిల్లు వస్తుంది. క్యాస్‌లో లేని చిన్న ఏజెంట్ల దగ్గర మనమే వసూలు చేసుకోవాలి. బరువు, రేటు తప్పుపడితే సీసీఏ అనే సవరణ పత్రం ఇవ్వాలి. సీసీఏలు పేరుకుపోయిన ఆఫీసు చూడగానే తెలిసిపోతుంది: సేల్స్ వాళ్లు ఫోన్లో ఒక రేటు చెప్పి, సిస్టంలో ఇంకొకటి ఎక్కించారని. నోటి మాట రేటు ఎంత చిన్నదైనా మెయిల్‌లో రాయండి.

మెట్టు 9: క్లెయిములు

సరుకు పాడైతే సరుకు అందుకున్నాక 14 రోజుల్లోపు, ఆలస్యమైతే సరుకు చేతికి అందించిన రోజు నుంచి 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. కోర్టుకు వెళ్లాలంటే రెండేళ్లు. అంతర్జాతీయ విమాన రవాణాకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం ఎయిర్‌లైన్ బాధ్యత పరిమితి కిలోకు 26 ఎస్‌డీఆర్, 2024 డిసెంబర్ 28 నుంచి. అంతకుముందు 22. ఎస్‌డీఆర్ అంటే ఐఎంఎఫ్ లెక్కగట్టే విలువ, డాలర్ కంటే కాస్త ఎక్కువ.

దీన్ని ఒక పెట్టెకు వేసి చూడండి. 100 కిలోల వ్యాక్సిన్ విలువ కోట్లలో ఉన్నా, విలువ ప్రత్యేకంగా డిక్లేర్ చేయకపోతే వచ్చేది ఎక్కువలో ఎక్కువ 2,600 ఎస్‌డీఆర్. ఎగుమతిదారు ఎయిర్‌లైన్ మొత్తం కడుతుందనుకుంటాడు, ఎగుమతిదారు ఇన్సూరెన్స్ చేసుకున్నాడని ఫార్వర్డర్ అనుకుంటాడు. బుకింగ్ నాడే "ఇన్సూరెన్స్ ఉందా?" అని అడగడం మన డ్యూటీలో లేదు. నేను మాత్రం అడుగుతాను. పాడైన సరుకు వచ్చాక ఆ ఇద్దరి మధ్య నలిగేది నేనే.

ఎయిర్‌లైన్ వెళ్లిపోతే

ఇది ఎవరూ ముందుగా ఆలోచించరు. మీరు మార్కెట్ బాగా పెంచితే ఎయిర్‌లైన్ ఒక రోజు సొంత ఆఫీసు పెట్టుకుంటుంది. పెంచకపోతే ఇంకో జీఎస్‌ఎస్‌ఏను తెచ్చుకుంటుంది. ఎలా చూసినా నోటీసు వస్తుంది. అందుకే ఇద్దరు ముగ్గురు ఎయిర్‌లైన్లు చేతిలో ఉండేలా చూసుకోండి. కాకపోతే ఒకే రూటులో పోటీపడే రెండింటిని ఒకే సేల్స్ మనిషికి ఇవ్వకండి.

నోటీసు వచ్చిన రోజు నుంచి వాడని ఏడబ్ల్యూబీ నంబర్ల జాబితా, పెండింగ్ సీసీఏలు, రావాల్సిన బాకీలు, తెరిచి ఉన్న క్లెయిముల ఫైళ్లు వేరు చేసి, ఎయిర్‌లైన్ మనిషితో కూర్చుని ఒక్కోదాని మీద సంతకం తీసుకోండి. బ్యాంక్ గ్యారంటీ తిరిగి వచ్చేదాకా ఆ కాగితాలు మీ దగ్గరే ఉంచండి. క్లెయిముల ఫైళ్లయితే రెండేళ్ల గడువు దాటేదాకా.